మబ్బుల నీడలో హాలెండు

హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ చిత్రశాలలో ఒక చిన్న పటం ఉంది. ఎత్తు 55 సెంటీమీటర్లు, వెడల్పు 62. చంకన పెట్టుకొని నడిచిపోదగినంత పటం. యాకోబ్ వాన్ రూయిస్‌డాల్ అనే చిత్రకారుడు దానిని 1670 తరువాతి సంవత్సరాలలో రచించాడు. సముద్రతీరపు ఇసుకతిన్నెల మీదినుంచి చూస్తే కనబడే హార్లెమ్ పట్టణం అందులోని విషయం. పటంలో కథ లేదు. రాజు లేడు, రాణి లేదు, దేవదూత లేడు. కొండ లేదు, కోన లేదు. పచ్చిక బయలులో బారులు తీర్చి పరచిన తెల్లని బట్టలు, ఎర్రకప్పుల ఇళ్ళు నాలుగు, చీమలంతేసి మనుషులు, దూరాన ఒక గీతవలె ఊరు, ఆ గీతను దాటి పైకి లేచిన సెయింట్ బావో చర్చి. ఇంతే. ఈ సామగ్రి అంతా పటం అడుగుభాగాన మూడోవంతులో సర్దుకొని కూర్చున్నది. తక్కిన రెండు వంతులూ ఆకాశం.

అయినా ఆ పటం ముందు నిలిచినవారు తొందరగా కదలరు. ఒక విశాలమైన ప్రశాంతి, దాని అడుగున లీలగా కొంత దిగులు, చూపరి మనసును ఆవరిస్తాయి. బట్టలు ఆరవేసిన బయలుకు ఇంతటి గాంభీర్యం ఎక్కడినుంచి వచ్చింది?

చిత్రకారుడు చేసిన పని నిదానించి చూస్తే తెలుస్తుంది. పటంలో మనకు అతి సమీపంగా ఉన్న నేల నీడలో ఉంది. దాని వెనుక ఒక పట్టీ మేర ఎండ. ఆ ఎండ సరిగ్గా తెల్లబట్టల మీద పడుతున్నది. దాని వెనుక మళ్ళీ నీడ, ఆ వెనుక మళ్ళీ వెలుతురు. చూపు ఈ మెట్లమీదుగా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఊరిదాకా నడుస్తుంది. అక్కడ చర్చి శిఖరం దానిని నిలబెట్టి, తలెత్తి పైకి చూడమంటుంది. పైన మబ్బులున్నాయి. అవీ ఇష్టం వచ్చినట్లు చెదిరినవి కావు. మన నెత్తిమీద పెద్దవిగా ఉండి, దూరం పోయినకొద్దీ చిన్నవై, ఊరివైపే సాగుతాయి. నేలమీది వెలుగునీడలకు కారణం ఆ మబ్బులే కనుక పైనున్నదీ కిందనున్నదీ ఒకే ఊపిరితో కదులుతున్నట్లుంటుంది. ఇదంతా ప్రకృతి ఇచ్చినది కాదు. మనిషి కూర్చినది.

ఆ బట్టల సంగతి ఒక మాట చెప్పుకోవాలి. అవి అవిసెనారతో నేసినవి. హార్లెమ్ ఇసుకతిన్నెల కింది నీరు స్వచ్ఛమైనదని పరదేశాల బట్ట కూడా అక్కడికి చలువకు వచ్చేది. క్షారజలంలో ఉడికించి, మజ్జిగలో నానవేసి, పచ్చికమీద పరచి, రోజుల తరబడి ఎండకు వదిలేవారు. ఆ సంవత్సరాలలోనే డచ్చివారి ఈస్టిండియా కంపెనీ మన మచిలీపట్నంలో గిడ్డంగులు పెట్టుకొని కోరమండల్ తీరపు నూలుబట్టలు కొంటూ ఉండేది. బందరులోని వలందపాలెం అన్న పేరు ఆ వలందావాళ్ళ జ్ఞాపకమే. ఇటువంటి వర్తకాలవల్ల చేతికి వచ్చిన డబ్బులో కొంత హాలెండు ఇళ్ళలో పటాలై గోడలకెక్కింది.

నాయకుడు నిష్క్రమించిన రంగస్థలం

ఆంగ్లభాషలో ప్రకృతి దృశ్యానికి వాడే 'లాండ్‌స్కేప్' అనే మాట 1600 ప్రాంతాల డచ్చి భాషనుంచి చిత్రకారుల పరిభాషగా వెళ్ళినదే. మాటతోపాటు వస్తువు కూడా చాలవరకు ఆ దేశంనుంచే ప్రపంచానికి అందింది. అంతకుముందు యూరపు చిత్రాలలో కొండలూ నదులూ లేవని కాదు. ఉన్నాయి, కాని అవి ఏ పుణ్యపురుషుని వెనుకనో, ఏ పురాణకథ చాటునో ఉండేవి. మన ఆలంకారికుల భాషలో చెప్పాలంటే, వెన్నెల, ఉద్యానం, మలయమారుతం ఇవన్నీ ఉద్దీపన విభావాలు. నాయికా నాయకులు ఆలంబనం. డచ్చి చిత్రకారుడు ఆ ఆలంబనాన్ని రంగంనుంచి పంపివేసి, ఉద్దీపనాన్ని మాత్రం మిగుల్చుకున్నాడు. నాయకుడు వెళ్ళిపోయినా రసం నిలుస్తుందా అన్నది అతని ముందున్న పరీక్ష. నిలుస్తుందని ఒక శతాబ్దంపాటు నిరూపించాడు.

దీనికి దేశకాల పరిస్థితులు తోడ్పడ్డాయి. స్పెయిను ప్రభుత్వంపై తిరగబడిన ఉత్తర రాష్ట్రాలకు 1609లో పన్నెండేండ్ల యుద్ధవిరామం లభించింది. 1648లో స్వాతంత్ర్యం అధికారికంగా అంగీకృతమైంది. కాల్విన్ మతానుసారులైన ఆ ప్రజల చర్చిలలో చిత్రాలకు చోటులేదు. చెప్పుకోదగినంత రాజాస్థానమూ లేదు. కనుక పటాలు కొనేవాడు వర్తకుడు, వడ్రంగి, రొట్టెలు చేసేవాడు. అతని గోడ చిన్నది, అతని పటమూ చిన్నదే. అతడు చూడగోరినది తాను రోజూ నడిచే బాట, తాను దాటే రేవు.

మరొక కారణం నేలలోనే ఉంది. హాలెండులో చాలా భాగం సముద్రమట్టానికి దిగువన ఉన్న భూమి. కట్టలు కట్టి, నీరు తోడి సంపాదించుకున్నది. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన ఉన్న బేమ్‌స్టర్ సరస్సును 43 గాలిమరలతో తోడి 1612 నాటికి దాదాపు డెబ్బై చదరపు కిలోమీటర్ల సాగుభూమిని పైకి తెచ్చారు. తండ్రులు చేపలు పట్టినచోట కొడుకులు దున్నారు. అటువంటి ప్రజలకు ఆవు మేసే ఒక బీడు, పొడి నేలమీద నిలిచిన ఒక గుడిసె మామూలు దృశ్యం కాదు. అది గెలుపు. ఏ కట్ట తెగినా పోగలిగిన గెలుపు. ఈ పటాలలోని శాంతికి అడుగున వినిపించే దిగులుకు ఇదొక మూలం కావచ్చు.

కాని ఇంత చదునైన దేశాన్ని ఎలా చిత్రించడం? ఇటలీ చిత్రకారునికి కొండలున్నాయి, శిథిలాలయాలున్నాయి. ఇక్కడ ఉన్నది పలకలాంటి నేల, దానిమీద నీరు. తొలితరంవారు ఒక ఉపాయం పన్నారు. మేడమీదినుంచి చూస్తున్నట్లు క్షితిజరేఖను పటంలో బాగా పైకి నెట్టి, కింద విశాలమైన చోటు చేసుకొని, అందులో జనాన్ని నింపారు. హెండ్రిక్ అవర్‌కాంప్ అట్లా చేశాడు. కాంపెన్ పట్టణానికి చెందిన ఈయన మూగవాడు. ఆ కాలం వారు ఆయనను 'కాంపెన్ మూగ' అనే పిలిచేవారు. గడ్డకట్టిన కాలువలమీద జారే పిల్లలు, పడిపోయే పెద్దలు, మంచులో నిలిచిపోయిన పడవలు, వందలాది ఆకారాలు. చూడముచ్చటగా ఉంటాయి. అయితే అది తిరనాళ్ళ సంబరం. ఒక్కొక్కరినీ వెదుక్కుంటూ చూడవలసిన పటమేగాని, మొత్తంగా ఒకే మనోభావాన్ని కలిగించే పటం కాదు.

హార్లెమ్‌లో పనిచేసిన ఎసాయాస్ వాన్ డి వెల్డే 1610 తరువాత ఆ రేఖను కిందికి దించాడు. చిన్న మార్పు. దాని ఫలితం మాత్రం పెద్దది. మేడమీద ఉన్న చూపరి నేలకు దిగివచ్చాడు. ఇప్పుడతడు ఆ బాటమీదే నిలబడి ఉన్నాడు. ముందున్న చెట్టు అతని తలకంటె ఎత్తు. దూరాన పోతున్న మనిషి అతనివలెనే ఒంటరివాడు. పైన ఉన్నది ఎవరూ నింపని ఆకాశం. డచ్చి ప్రకృతి చిత్రం పుట్టింది ఈ దిగిరావడంలోనే అనడం సాహసం కాదు.

ఒకే రంగులో ఒక దేశం

ఎసాయాస్ శిష్యులలో యాన్ వాన్ హోయెన్ అనే ఆయన ఈ ఆవిష్కారాన్ని దాని చివరిదాకా తీసుకుపోయాడు. 1596లో లైడెన్‌లో పుట్టి 1656లో హేగ్‌లో మరణించిన ఈయన పన్నెండువందలకు పైగా పటాలు వేశాడు. ఆయన పటాలలో రంగులు దాదాపు లేవనే చెప్పాలి. గోధుమవన్నె, బూడిదవన్నె, నడుమ నడుమ వాడిన పచ్చ. నది, నదిమీద ఒక పడవ, ఒడ్డున రెండు కుటీరాలు, కొసన ఒక చర్చి గోపురం. ఓక్ చెక్క పలకమీద పలుచగా, తడి ఆరకముందే తడిమీద తడిగా పూసిన రంగు. కొన్నిచోట్ల చెక్కలోని నారగీతలు సయితం పైకి కనబడతాయి. ఆ నారగీతలే నీటి అలలకో మబ్బుల చారలకో పనికివస్తాయి.

ఆయన కూర్పులో ఒక కిటుకు ఉంది. పటంలో ఒక మూల ఒడ్డు, చెట్లు, ఇళ్ళు ముదురుగా బరువుగా మొదలవుతాయి. అక్కడినుంచి అవి ఏటవాలుగా తగ్గుకుంటూ పోయి రెండో అంచు చేరేసరికి ఏమీ మిగలదు: నీరు, గాలి, వెలుతురు. బరువునుంచి శూన్యానికి చూపు జారిపోతుంది. నేలకూ నీటికీ ఆకాశానికీ రంగులో భేదం లేకపోవడంవల్ల అన్నీ ఒకే తేమలో తడిసినట్లుంటాయి. వర్ణాలను త్యజించి వాతావరణాన్ని సంపాదించాడన్నమాట. తడిగాలి, సాయంకాలం, ఇంటికి ఇంకా దూరం: వాన్ హోయెన్ పటాలు కలిగించే భావం ఇదే. వాటిలో మంచిది ఒక్కటి చూసినా మనసులో రోజుల తరబడి చినుకు పడుతుంది.

దీనికి డబ్బుతోకూడా సంబంధం ఉందని యేల్ విశ్వవిద్యాలయపు ఆర్థికవేత్త జాన్ మైఖేల్ మాంటియాస్ వాదించాడు. ఖరీదైన రంగులు మాని, పొరలమీద పొరలు ఆరబెట్టే పని లేకుండా చేస్తే పటం త్వరగా ముగుస్తుంది, చౌకగా అమ్మవచ్చు, కొనేవారు పెరుగుతారు. కళాప్రియులలో కొందరికి ఈ మాట రుచించకపోవచ్చు. కాని పొదుపులోనుంచి శైలి పుట్టడంలో అగౌరవమేమీ లేదు. తంబురా తంత్రులు నాలుగే కదా!

పాపం, వాన్ హోయెన్‌కు పొదుపు పటాలలోనే ఉండింది గాని వ్యవహారంలో లేదు. ఇళ్ళమీద, స్థలాలమీద పెట్టుబడులు పెట్టాడు. 1637 ఆరంభంలో దేశమంతా తులిప్ పూల దుంపల బేరంతో వెర్రెత్తి ఉండగా, ధరలు కూలడానికి కొద్దిరోజుల ముందు తానూ కొన్నాడు. ఆ తరువాత దాదాపు ఇరవైయేండ్లు ఆ నష్టం పూడ్చుకోవడానికి పటాలు వేస్తూనే ఉన్నాడు. 1651లో హేగ్ నగరపాలకులు తమ ఊరిని చిత్రింపజేసి 650 గిల్డర్లు ఇచ్చారు. నాలుగు మీటర్లకు మించిన వెడల్పుగల ఆ పటం ఆ ఊళ్ళోనే ఉంది. అయినా చనిపోయేనాటికి ఆయన అప్పు 18 వేల గిల్డర్లు.

ఆయన పనితీరును గురించి సామ్యూల్ వాన్ హూగ్‌స్ట్రాటెన్ అనే చిత్రకారుడు 1678లో ప్రకటించిన గ్రంథంలో ఒక ముచ్చట చెప్పాడు. ముగ్గురు చిత్రకారులు ఒక్కరోజులో ఎవరు మంచి పటం వేస్తారో అని పందెం వేసుకున్నారట. క్నిబ్బెర్గెన్ అనే ఆయన అలవాటైన చేతితో, ఉత్తరం రాసినంత సులువుగా, చెట్లూ కొండలూ దించుకుంటూ పోయాడు. వాన్ హోయెన్ పలకనంతా ఇక్కడ ముదురుగా అక్కడ లేతగా అలికివేసి, ఆ అలుకులోనుంచే ఒక ఊరినీ రేవునూ పడవలనూ వెదికి పైకి తీశాడు. మూడవ ఆయన సముద్ర చిత్రకారుడు పోర్సెల్లిస్. ఆయన కుంచె ముట్టకుండా చాలాసేపు ఊరకే కూర్చున్నాడు. చూసేవారు ఈయన పని అయిపోయిందనుకున్నారు. ఆయన పటాన్ని ముందు మనసులో పూర్తిచేసుకొని, ఆ తరువాత పలకమీద పెట్టాడు. గెలిచింది ఆయనే. జరిగిందో కల్పించిందో గాని, డచ్చివారు తమ చిత్రాలను ప్రకృతికి నకళ్ళుగా భావించలేదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. ఆ ముగ్గురూ కూర్చున్నది పొలంలో కాదు.

నిజానికి వారి పద్ధతే అది. కారెల్ వాన్ మాండర్ 1604లో హార్లెమ్‌లో అచ్చువేసిన చిత్రకారుల గ్రంథంలో, తెల్లవారకముందే లేచి ఊరి బయటికి వెళ్ళి ప్రకృతిని చూడమని యువకులకు బోధించాడు. వెళ్ళేవారు. నల్లసుద్దతో చిన్నపుస్తకాలలో బొమ్మలు గీసుకొనేవారు. కాని రంగుల పని ఇంటిలోనే. పొలంలో కనబడినది, గదిలో జ్ఞాపకమై, పలకమీద అమరికయ్యేది.

ఉన్న సమాధులు, లేని కొండ

ఈ అమరికకు పరాకాష్ఠ రూయిస్‌డాల్. 1628 ప్రాంతాల హార్లెమ్‌లో పుట్టాడు. తండ్రి పటాలకు చట్రాలు చేసేవాడు, తానూ చిత్రకారుడే. పినతండ్రి సాలొమన్ నదీతీర చిత్రాలకు పేరుపడినవాడు. ఇటువంటి ఇంట్లో పెరిగిన కుర్రవాడు ఇరవైయేండ్లు నిండకముందే చెట్టుకు ఒక వ్యక్తిత్వం ఇవ్వడం నేర్చాడు. వాన్ హోయెన్ గాలిలో కరిగించివేసిన వస్తువులను ఈయన మళ్ళీ గట్టిపరచాడు. చెట్టు, మర, కోట, మబ్బు, ప్రతిదానికీ బరువు వచ్చింది.

1650 ప్రాంతాల ఆయన మిత్రుడు నికొలాస్ బెర్కెమ్‌తో కలిసి దేశపు సరిహద్దు దాటి జర్మనీవైపున ఉన్న బెంట్‌హైమ్ కోటను చూచి వచ్చాడు. కోట ఉన్నది ఒక మోస్తరు గుట్టమీద. ఆయన దానిని పదిసార్లకు పైగా చిత్రించాడు. 1653లో వేసిన పటంలో, ఇప్పుడది డబ్లిన్‌లో ఉన్నది, ఆ గుట్ట అడవులు కప్పిన పర్వతమైపోయింది. జలపాతాలు కూడా విరివిగా వేశాడు. ఆయన నార్వే స్వీడన్ దేశాలకు వెళ్ళలేదు. వెళ్ళి వచ్చిన అలార్ట్ వాన్ ఎవర్‌డింగెన్ పటాలు చూచి, ఆ నీటి హోరును తన గదిలో కూర్చొని కల్పించుకున్నాడు.

ఈ కల్పనాశక్తి అన్నిటికంటె తేటపడేది 'యూదుల శ్మశానం' అనే చిత్రంలో. ఆమ్‌స్టర్‌డామ్ దాపున ఔడర్‌కెర్క్ గ్రామంలో, పోర్చుగల్‌నుంచి వలస వచ్చిన యూదుల శ్మశానం ఉన్నది; 1614లో ఏర్పడింది. రూయిస్‌డాల్ అక్కడికి వెళ్ళి సమాధులను శ్రద్ధగా గీసుకున్నాడు. ఆ గీతలు హార్లెమ్‌లోని టైలర్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. పటంలో కనబడే సమాధులను నేటికీ అక్కడ గుర్తుపట్టవచ్చు. వాటిలో ఒకటి ఫ్రాన్సు రాణి మరీ ద మెదిచీకి వైద్యుడుగా ఉండిన ఎలియాహు మోంటాల్టోది.

కాని శ్మశానం ఉన్నది చదును నేలమీద. పటంలో వెనుక కొండ ఉంది. ఎక్కడినుంచో తెచ్చిపెట్టిన శిథిల మందిరం ఉంది. సమాధుల నడుమనుంచి ఒక వాగు రాళ్ళను ఒరుసుకుంటూ పారుతున్నది. ముందు ఒక ఎండిన మాను తెల్లని కొమ్మలను చాచి నిలిచింది. నల్లని మబ్బుల అంచున సగం విరిసిన ఇంద్రధనుస్సు. ఇవేవీ ఆ ఊళ్ళో లేవు. కూర్పు గమనించండి. వెలుతురు సూటిగా వచ్చి ఒక తెల్లని సమాధిమీద పడుతుంది. ఎండుమాను ఏటవాలుగా దానివైపే వంగుతుంది. వాగు ఒకవైపునుంచి చూపును లోపలికి లాగుతుంది. మనుషులు కట్టుకున్న మందిరం కూలిపోయింది. మనుషులకోసం కట్టిన సమాధులూ కూలుతాయి. వాగు పారుతూ ఉంటుంది. ఎవరూ ఒక్కమాట చెప్పకుండానే ఇదంతా తెలుస్తుంది.

రూయిస్‌డాల్ ఇదే చిత్రాన్ని రెండుసార్లు వేశాడు. పెద్దది అమెరికాలోని డెట్రాయిట్‌లో, చిన్నది జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్నాయి. డ్రెస్డెన్ పటాన్ని చూచిన మహాకవి గోథే 1816లో రూయిస్‌డాల్‌ను కవిగా పేర్కొంటూ ఒక వ్యాసమే రాశాడు. ఈ పటంలో ఎండుమానూ వాగూ అనిత్యతకు చిహ్నాలని అందరూ ఒప్పుకుంటారు. ఆయన వేసిన ప్రతి జలపాతానికీ ప్రతి విరిగిన చెట్టుకూ అదే అర్థం చెప్పవచ్చునా అన్నదానిపై మాత్రం పండితులు ఇంకా తగవులాడుకుంటున్నారు. చెట్టు చెట్టుగా ఉండడానికి కూడా కొంత హక్కు ఉండాలి.

పటాలలోని ఈ విషాదం ఆయన జీవితచరిత్రనే మార్చివేసింది. ఇంత దిగులు వేసినవాడు దిక్కులేకుండా చచ్చి ఉండాలని పందొమ్మిదో శతాబ్దపు రచయితలు నిశ్చయించుకున్నారు. రూయిస్‌డాల్ అనే ఒకాయన హార్లెమ్ అనాథాశ్రమంలో మరణించినట్లు కాగితాలలో కనబడింది కూడా. కథ కుదిరింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ కాగితాలను జాగ్రత్తగా తిరగవేస్తే, ఆశ్రమంలో పోయినది అదే పేరుగల ఆయన పినతండ్రి కుమారుడని తేలింది. మన చిత్రకారుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో గౌరవంగానే బతికి, 1682 మార్చిలో హార్లెమ్‌లోని సెయింట్ బావో చర్చిలో సమాధి అయినాడు. తాను అన్నిసార్లు క్షితిజరేఖమీద నిలబెట్టిన చర్చి అదే. పటంలోని దుఃఖం చిత్రకారుని జేబులో ఏమీ లేకపోవడంవల్ల వచ్చినది కాదు. ఎండను ఎక్కడ పడనివ్వాలో, ఎక్కడ ఆపాలో తెలియడంవల్ల వచ్చినది.

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలోని 'వైక్ బై డ్యూర్‌స్టేడ్ గాలిమర' ఈ విద్యకు మరొక నిదర్శనం. నదీతీరాన ఒక గాలిమర. హాలెండులో గాలిమరకు కొదువేమిటి? కాని ఈయన చూపరిని నీటి అంచున, బాగా దిగువన నిలబెట్టాడు. అక్కడినుంచి చూస్తే మర ఆకాశంలోకి పెరిగిపోతుంది. చర్చి గోపురం దానిముందు పొట్టిదైపోయింది. మర రెక్కల ఏటవాలు గీతలకు సమాధానం చెబుతున్నట్లుగా మబ్బులు కదులుతున్నాయి. దారిమీద ముగ్గురు స్త్రీలు నిలిచి ఉన్నారు. వారిని తీసివేస్తే మర ఎంత పెద్దదో మనకు తెలియదు. గాలి ఏ క్షణాన విసురుతుందోనన్న నిశ్శబ్దం పటమంతటా నిండి ఉంది. పిండి విసిరే ఒక యంత్రానికి వీరనాయకుని ఠీవి వచ్చింది.

చెట్ల నడుమ బాట

తక్కినవారిని గురించి క్లుప్తంగానే చెప్పుకోవాలి. ఆల్బర్ట్ కౌప్ డోర్‌డ్రెక్ట్ పట్టణాన్ని దాదాపు విడిచి వెళ్ళినవాడు కాదు, ఇటలీ చూడలేదు. ఇటలీనుంచి తిరిగివచ్చిన యాన్ బోత్ పటాలలోని బంగారు వెలుతురును ఎరువు తెచ్చుకొని, తన ఊరి ఆవులమీద పోశాడు. ఆ ఎరువు సూర్యుడిని ఇంగ్లండు ప్రభువులు ఎగబడి కొన్నారు. ఆర్ట్ వాన్ డర్ నేర్ వెన్నెల రాత్రులనూ మంచు సంధ్యలనూ వేశాడు. పటాలవల్ల పూట గడవక సారాయి దుకాణం నడిపి, 1662లో దివాలా తీశాడు. అతని చంద్రోదయాలు ఇప్పుడు ఏ పెద్ద చిత్రశాలలోనైనా కనబడతాయి.

మెయిండర్ట్ హొబ్బెమా దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. రూయిస్‌డాల్ శిష్యుడు. 1668లో, తన ముప్పయ్యోయేట, ఆమ్‌స్టర్‌డామ్ నగరాధ్యక్షుని ఇంట్లో పనిచేసే అమ్మాయిని పెళ్ళాడాడు. ఆ వెంటనే నగరంలో దిగుమతి అయ్యే సారాయి పీపాలను కొలిచే ఉద్యోగం దొరికింది. స్థిరమైన జీతం. పటాలు వేయడం దాదాపు మానివేశాడు. అటువంటివాడు ఇరవైయేండ్లు గడిచాక, 1689లో, 'మిడెల్‌హార్నిస్ బాట' అనే పటం వేశాడు. లండన్ నేషనల్ గేలరీలో ఉంది.

ఆ పటంలో ఏటవాలు గీత లేదు, చాటు లేదు, రహస్యం లేదు. సరిగ్గా మధ్యన ఒక బండిబాట. రెండువైపులా సన్నగా పొడుగ్గా ఎదిగి, కొసలో కాసిన్ని ఆకులు మాత్రం మిగిలిన ఆల్డర్ చెట్లు. బాట సూటిగా పోయి ఒక బిందువులో మాయమవుతుంది. వేటకుక్కతో ఒక మనిషి మనవైపు నడిచి వస్తున్నాడు. కుడివైపు నారుమడిలో ఒకడు మొక్కలు సవరిస్తున్నాడు. చెప్పితే ఇది చిత్రలేఖన పాఠశాలలో పిల్లలకిచ్చే లెక్కవలె ఉంటుంది. చూస్తే మాత్రం గుండె పట్టేస్తుంది. బాట మనలను లోపలికి లాగుతున్నది. అంత ఎత్తున ఊగే ఆ చెట్లకొసలు, వాటికి మించిన ఆకాశం, మనలను పైకి లాగుతున్నవి. ఈ రెండు లాగుళ్ళ మధ్యన చూపరి నిలిచిపోతాడు. ఎక్స్‌కిరణాలతో పరిశీలించినప్పుడు ఒక విశేషం బయటపడింది. ముందుభాగంలో ఇరువైపులా ఇంకా ఒక్కొక్క చెట్టు ఉండేది. హొబ్బెమా వాటిని వేసి, చూసుకొని, చెరిపివేశాడు. ఆ రెండు చెట్లూ పోవడంతో ముందు చోటు తెరుచుకొన్నది, ఆకాశం రెండింతలైంది. ఇరవైయేండ్లు పీపాలు కొలిచినవాడికి, ఎంత తీసివేస్తే కొలత సరిపోతుందో తెలియకుండా ఉంటుందా! 1709లో ఆయన పేదరికంలోనే మరణించాడు.

ఈ చిత్రాలకు తరువాతి కాలంలో దక్కిన ఆదరం హెచ్చుతగ్గులుగా సాగింది. 1781లో హాలెండు పర్యటించిన ఇంగ్లీషు అకాడెమీ అధ్యక్షుడు రేనాల్డ్స్, వీరి చేతిపనిని మెచ్చుకున్నాడు గాని ఉదాత్త కళలో వీరికి పీట వేయలేదు. రస్కిన్ పండితుడు 1843లో మొదలుపెట్టిన తన గ్రంథంలో వీరిని ఈసడించాడు. ప్రకృతిని ఉన్నదున్నట్లు దించేవారన్నది వీరిమీద ఉన్న పాత అభియోగం. బెంట్‌హైమ్ గుట్టకు పర్వతాన్ని ఎక్కించినవాడిమీద ఆ నేరం మోపడం వింతే. రూయిస్‌డాల్ ఆకాశాలు కూడా నకళ్ళు కావు. హాలెండుమీద తరచు కమ్ముకొనే ఆకారంలేని ముసురు ఆయన పటాలలో అరుదు. ఎండను ఒడిసిపట్టి, నీడను చల్లగలిగిన కుప్పమబ్బులే ఆయనకు కావలసినవి. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఆనాటి చిత్రకారులు చౌకగా దొరికే నీలిగాజు పొడిని ఆకాశానికి వాడేవారు. నూనెలో కలిపిన ఆ నీలం ఏండ్లు గడిచేసరికి వెలిసి బూడిదరంగుకు తిరుగుతుంది. కనుక ఇప్పుడు మనం చూచి నిట్టూర్చే కొన్ని దిగులు ఆకాశాలు, వేసిననాడు కాస్త ఉల్లాసంగానే ఉండి ఉంటాయి.

చిత్రకారులు మాత్రం ఈ విద్యను గుర్తించకపోలేదు. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ రూయిస్‌డాల్ పటాలకు ప్రతులు వేసి నేర్చుకున్నాడు. 1821, 1822 సంవత్సరాలలో లండన్ పక్కనున్న హాంప్‌స్టెడ్ మెట్టమీద నిలబడి, రోజు, వేళ, గాలి దిక్కు రాసుకుంటూ ఉత్త మబ్బులనే పదుల కొలది చిత్రించాడు.

వైక్ బై డ్యూర్‌స్టేడ్‌లో రూయిస్‌డాల్ చూచిన గాలిమర ఇప్పుడు లేదు. అదే ఊళ్ళో పాత కోటగుమ్మం మీద కట్టిన వేరొక మర ఉన్నది. ఆ పటాన్ని చూచి మరను వెదుక్కుంటూ వచ్చిన యాత్రికులు అదే ఇది అనుకొని దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకొని వెళుతూ ఉంటారు.